దసరాకు దాక్కునే తుపాకి

మా అత్త పోయిన కబురు నాకు ఫ్యాక్టరీలో తెలిసింది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో నా ఉద్యోగం. పొద్దుటి షిఫ్టు. ఆ పూట మిల్లు నుంచి వచ్చిన పొడిని జల్లెడ పడుతుంటే ఫోను మోగింది. చేసింది మా బావ, మా ఆయనకు అన్న. కోడుమూరు పక్క పల్లెలో అత్తతో పాటు ఉండి సేద్యం చూసుకునేది ఆయనే.

"అమ్మ పోయిందమ్మా" అన్నాడు. "విత్తనం బుడ్డశెనక్కాయలు ఒలుస్తా ఒలుస్తా అట్లే పక్కకు ఒరిగింది. కాఫీ గలాసు కూడా ఖాళీ చేయలా."

నేను గోడకు ఆనుకున్నాను. ఆయన కాసేపు ఏడ్చి, ముక్కు చీది, "ఇంగొక మాటమ్మా. తుపాకుల బీరువా తాళంచెవి యాడుందో నీకు తెలుసంట గదా. స్టేషన్‌లో అప్పజెప్పాల" అన్నాడు.

చదివేవాళ్ళు ఆయన్ను తప్పు పట్టొద్దు. లైసెన్సు ఉన్న మనిషి పోతే ఆమె తుపాకులు ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్‌లో అప్పగించాలి. ఈ సంగతి మా అందరి చెవుల్లో ఊదింది ఆమే. "నేను పోతే ముందు స్టేషన్‌కు ఫోను జేయండి. చుట్టాలు ఎట్లా పిలవకున్నా వస్తారు" అనేది.

"కొర్రబియ్యం డబ్బాలో, అడుగున" అని చెప్పాను. తాళంచెవి చోటు కన్నకొడుకులిద్దరికీ తెలియదు, కోడలికి తెలుసు. అంత ఏడుపులోనూ నాకు గర్వంగా అనిపించింది. దాచుకోవడం దేనికి, ఒప్పుకుంటున్నాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు గొంతు తగ్గించి రాయాలని తెలుసు. నాకు చేతకావడం లేదు. ఆమెను తలుచుకుంటే జాతరకు బండి కట్టినప్పటి హుషారు వస్తుంది. ఐదడుగులు కూడా లేని మనిషి. నోరు తెరిస్తే మూడు వీధులకు వినపడేది. పేరు మీద మూడు తుపాకులు. ఇలాంటి అత్త దొరికిన కోడలు మెల్లగా ఎలా మాట్లాడుతుంది?

పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన మూడో రోజు పొద్దున, వంటింటి గడప మీద కూర్చోబెట్టి "చెయ్యి మడిచి పెట్టు" అంది. గాజులు తొడుగుతుందేమో అనుకుని సిగ్గుపడుతూ చెయ్యి పెట్టాను. నా మోచేతి మడతలో తుపాకి వెనక ఉండే కట్టె మడమ ఆనించింది! మా నాయన లారీ డ్రైవరు. మా ఇంట్లో ఇనుప సామానంటే జాకీ, స్పానర్లు. తుపాకి నేను బ్యాంకు వాకిట్లో తప్ప చూడలేదు.

"వేలు చాపు. ట్రిగ్గరు అందుతాందా?"

అందింది. సరిగ్గా అందింది.

"అందింది సూడు! కొలిచి చేయిచ్చినట్టుండాది" అని ఆమె ఎంత సంబరపడిందంటే, కట్నంగా కొండ తెచ్చిన కోడలికి కూడా అంత మర్యాద జరిగి ఉండదు. మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా ఉండే కొలతే తుపాకి కొలత అని, చెప్పు సైజు చూసినట్టు తుపాకికీ మనిషిని చూడాలని ఆ రోజే చెప్పింది. మా ఆయనకూ బావకూ ఎప్పుడో కొలిచేసిందట. ఇద్దరూ పొడుగు మనుషులు. ఈ తుపాకి వాళ్ళ చేతుల్లో పిల్లల ఆటబొమ్మలాగా ఉండేదట.

మా మామ పోయాక చేలో పందుల కావలి ఆమె మీద పడింది. ఇంట్లో ఉన్న ఒంటిగొట్టం తుపాకి ఎత్తితే కట్టె పొడవై భుజం దాటి పోయేది. ఊళ్ళో వడ్రంగి ఆచారిని పిలిచి, మడమ వైపు నాలుగు వేళ్ళ వెడల్పు కోయించింది. తుపాకిని కోస్తారా అని ఇంటి మగవాళ్ళంతా నోరు నొక్కుకున్నారట. "నా చెయ్యి సాగదీయమంటారా మరి?" అని అడిగిందట. అప్పటి నుంచి దాని పేరు గిడ్డది. పొట్టిదాన్ని మా పల్లె వైపు గిడ్డ అంటారు. ఆ తుపాకి గిడ్డ, అత్త గిడ్డ, తర్వాత వచ్చిన నేనూ గిడ్డే.

ఆమె నాకు నేర్పిన మొదటి పాఠం కాల్చడం కాదు, మడిచి చూడటం. తుపాకి ఎవరి చేతి నుంచి నీ చేతికి వచ్చినా ముందు గొట్టాన్ని కీలు దగ్గర మడిచి, లోపల తూటా ఉందేమో చూడాలి. "ఖాళీదని ఎవురు చెప్పినా నమ్మగాకు. నేను చెప్పినా నమ్మగాకు" అనేది. మడిచాక గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి ఒక కన్నుతో లోపలికి చూడమనేది. శుభ్రంగా ఉంటే లోపలంతా వెలుగు వలయాలు, నీళ్ళలో రాయి వేసినట్టు ఒకదాని వెంట ఒకటి, చివర గుండ్రంగా ఆకాశం ముక్క. మొదటిసారి చూసినప్పుడు నేను గట్టిగా అరిచాను. "ఏమ్మే, లోపల తేలు ఉండాదా?" అని అడిగింది.

మిగతా రెండు తుపాకుల సంగతి కూడా చెప్పాలి. జోడుగొట్టాల తుపాకి మా మామది. పక్కన వెండి రేకు, దాని మీద పరుగెత్తే జింక. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ దాన్ని అడిగి చూసి వెళ్ళేవాడు. మూడోది ముందు నుంచి మందు కూరే పాతకాలపు తుపాకి, మనిషంత పొడవు. అది అత్త పుట్టింటిది. ఆమె నాయనకు కొడుకులు లేకపోవడంతో కూతురి పేరు మీదికి వచ్చింది. అది పేలడం నేను చూడలేదు, ఆమె దాని గురించి మాట్లాడటమూ పెద్దగా వినలేదు.

ఇక దసరా. ఆయుధపూజ మా ఇంట్లో బావ చేతుల మీదుగా జరిగేది. ట్రాక్టరు, కొడవళ్ళు, కుట్టుమిషను, అన్నిటికీ పసుపు కుంకుమలు. జోడుగొట్టాలకు మాత్రం పెళ్ళికొడుకు మర్యాద. పీట వేసి, పసుపు నీళ్ళతో కడిగి, విభూతి రేఖలు దిద్ది, దాని మీదే టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు పై నుంచి కిందిదాకా ధారగా పోసేవాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడేవాడు. ఊళ్ళో అమ్మవారి ముందు కూడా ఆయన అంతసేపు నిలబడగా నేను చూడలేదు.

నా మొదటి దసరాకు గిడ్డది కనపడలేదు. "మీ గిడ్డదాన్ని కూడా పెట్టు గదమ్మా" అని బావ వాకిట్లోంచి కేకేశాడు.

"దానికి ముట్టయిందప్పా!" అని అత్త లోపలి నుంచి అరిచింది.

వాకిట్లో ఉన్న పదిమందీ తలలు దించుకున్నారు. బావ చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ అడిగితే ఒట్టు. నేను వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకున్నాను. ఏటా అదే మాట, ఏటా అదే సిగ్గు! తలుపు వెనక ఆమె చాప మీద గిడ్డదాన్ని ఒళ్ళో పెట్టుకుని, పాత పంచె గుడ్డకు నూనె అద్ది, చంటిపిల్లకు నలుగు పెట్టినంత ఓపికగా తుడుస్తూ ఉండేది.

ఒకసారి ఆమెను గండికోట చూపించడానికి తీసుకుపోయాం. అందరూ పెన్నా లోయ అంచున ఫోటోలు దిగుతుంటే ఈమె కోట గోడలో తుపాకులు పెట్టే కంతల దగ్గర ఆగిపోయింది. చెయ్యి పెట్టి కొలిచింది, ఒంగి చూసింది, "ఈ కంత కట్టినోడు శానా పొడుగు మనిషి. నా అసుమంటోళ్ళు కావలి ఉండరనుకున్న్యాడు" అంది. లోయ ఎలా ఉందత్తా అని అడిగితే "బాగుండాదిలే, లోతుగా" అని మళ్ళీ కంతలో చెయ్యి పెట్టింది.

మనిషికి రెండు తుపాకులే ఉండాలన్న రూలు మా ఊరి దాకా వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద చర్చ అయింది. ఆమె పేరు మీద మూడున్నాయి. గడువు లోపల ఒకటి అప్పగించాలి. డెబ్బై దాటిన మనిషి కాబట్టి మిగిలిన రెండూ ఎవరెవరికో ఇప్పుడే పేరు రాసి పెట్టొచ్చని స్టేషన్‌లో చెప్పారు. ఆ పేర్ల మార్పు ఏళ్ళ తరబడి సాగే పని, గడువేమో నెలల్లో ఉంది. అందుకని ముందు ఒకటి పోవడం ఖాయం.

ఏది పోవాలి? బావ క్షణం కూడా ఆలోచించలేదు. "గిడ్డది పోవాల. కోసేసిన తుపాకి, దానికేం మర్యాద?" అన్నాడు. మా ఆయన దీపావళికి చెవుల్లో దూది పెట్టుకునే మనిషి. "మూడూ ఇచ్చేద్దాం, పీడ పోతాది" అన్నాడు. అత్త నా వైపు చూసింది. నాకు గిడ్డది కావాలి. కానీ ఆ ఇంట్లో తుపాకి అడిగిన కోడలు అంతకుముందు లేదు. కాఫీ గలాసులు ఏరడం మొదలుపెట్టాను.

"మిస్త్రీ చూసినాకనే ఏమన్నా" అని అత్త తేల్చేసింది.

కర్నూలు పాతబస్తీలో తుపాకులు బాగుచేసే అంగడి ఒకటుంది. మిస్త్రీ సాయిబు అత్త కంటే పెద్దవాడు. ఆయన తండ్రి కూడా ఈ పనే చేశాడట. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, మూడు తుపాకులనూ మూడు దుప్పట్లలో చుట్టి, కారులో బయలుదేరాం. బావ స్టీరింగు దగ్గర, నేను వెనక అత్త పక్కన. పెళ్ళిచూపులకు ముగ్గురు ఆడపిల్లలను తీసుకుపోతున్నట్టు ఉంది. దారి పొడవునా నా కాళ్ళు ఆగలేదు.

మిస్త్రీ మొదట మందు కూరే తుపాకి చూసి, కళ్ళకు అద్దుకుని పక్కన పెట్టాడు. గిడ్డదాన్ని మడిచి, వీధి వెలుతురుకు పెట్టి చూసి, "వాహ్" అన్నాడు. ఇంకోసారి చూసి మళ్ళీ అన్నాడు. "అమ్మా, దీన్ని కన్నకూతురి లెక్క సాకినారు." నేను అక్కడే గెంతాల్సింది, ఎలాగో ఆపుకున్నాను.

తర్వాత బావ తన చేతులతో జోడుగొట్టాలను బల్ల మీద పెట్టాడు. మిస్త్రీ మడవబోయాడు. అది కదల్లేదు. "నాయన పోయిన కొన్నాళ్ళ నుంచి అది మడత పడదు. వయసు అయింది" అన్నాడు బావ భక్తిగా. మిస్త్రీ అద్దం పెట్టి కీలు చూశాడు, గొట్టాల్లోకి సన్న చువ్వ దింపి తీశాడు. చువ్వకు చుట్టిన గుడ్డ ఎర్రగా వచ్చింది, గట్టుమీది మట్టి రంగులో.

"ఏం తాపించినారప్పా దీనికి?" అన్నాడు. "ఉప్పు తిన్న ఇనుము లెక్క ఉన్నది. నీళ్ళు పోసినారా?"

"టెంకాయ నీళ్ళు" అన్నాడు బావ. "దసరాకు."

"ఎన్ని దసరాలు?"

బావ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మిస్త్రీ ఆ లెక్క పూర్తి కానివ్వలేదు. "కీలు మొత్తం పట్టేసినాది. గొట్టం లోపల గుంటలు పడినాయి. ఇది ఇంగ పేలదు, పేల్చకూడదు. చూసుకోనీకి మాత్రం బ్రహ్మాండంగా ఉంటాది" అని వెండి జింకను మెల్లగా తుడిచాడు.

తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్క టీ అంగడి దగ్గర కారు ఆపాం. బావ టీ ముట్టలేదు. యాభైకి దగ్గర పడుతున్న మనిషి, వేపచెట్టు కింద రాతి మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "నాయన తుపాకిని నేనే చెరిపేస్తి గదమ్మా. మొక్కి మొక్కి చెరిపేస్తి."

అత్త గలాసు కింద పెట్టింది. "నువ్వు చెరపలేదప్పా. నేను చెరిపిచ్చినా."

మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది, ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి. మామ పోయిన ఏడాది ఊళ్ళో గొడవలు. బావకు ఇరవై రెండేళ్ళు, ఉడుకు రక్తం. ఆ ఏడు దసరాకు ఆయన కొట్టిన టెంకాయ నీళ్ళు తుపాకి కీలులోకి దిగాయి. రెండు రోజుల తర్వాత తుడవబోతే గుడ్డకు తుప్పు అంటుకుంది.

"ఆ తుప్పు చూస్తానే నాకు పానం లేచొచ్చింది. నూనె డబ్బా తీసి మళ్ళా లోపల పెడ్తి. తుడవలా. ఇంట్లో గొట్టాల నిండా పసుపునీళ్ళు పోసే కొడుకు ఉండాడు, ఇంగ నాకేం భయం అనుకొంటి. ఊరు సల్లబడినా ఆపలేదు. ఏటేటా టెంకాయ నేనే ఏరి తెచ్చిస్తాంటి. నీళ్ళు ఎక్కువుండేది చూసి."

బావ ఏడుపు ఆపి ఆమె వైపు చూస్తున్నాడు.

"ఆ తుప్పు పట్టిన ఏడే, ఉగాది ముందర ఒకరోజు నువ్వు చేని గట్టు గొడవలో నుంచి ఇంటికి పరిగెత్తుకొనొస్తివి. నీ జేబులో ఎవురో ఇచ్చిన రెండు తూటాలుండె. తుపాకి దీస్కొని మడవాలని చూస్తివి. మోకాలికేసి గుంజితివి. రాలేదు. గోడకు ఇసిరేసి కూచొని ఏడిస్తివి. నేను వంటింట్లోనే ఉండా. గుర్తుందా?"

"ఉండాది" అన్నాడు బావ. తర్వాత ఆయన అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. "ఆ పొద్దు అదే నన్ను ఆపిందనుకొంటినమ్మా. నాయనే దాంట్లోకి వచ్చి ఆపినాడనుకొంటి. అందుకే అంతగనం మొక్కుతాంటి."

"మీ నాయన కాదు. నేను, టెంకాయ" అంది అత్త. ఏడుస్తున్న ఆయనే ఫక్కున నవ్వాడు. ఆమె నవ్వింది. నాకు ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి వచ్చి టీ పొలమారింది. అంగడి ఆమె మంచినీళ్ళు తెచ్చి, వీళ్ళకేమైందని కారు నంబరు ప్లేటు వైపు చూసి వెళ్ళింది.

టీ గలాసు అందుకుని బావే అన్నాడు, "అయితే జోడుగొట్టాలే ఇచ్చేద్దాంలేమా. పనికి రాదు గదా."

"అది నీకు" అంది అత్త. "పేలనిది నీకు, పేలేది కోడలికి. గిడ్డది దాని చేతికి సరిపోయింది, నేను పెండ్లయిన మూడో దినమే సూసినా. ఏమ్మే, నీకు కావాల్నా వద్దా? నోరిప్పి చెప్పు. అడగనోళ్ళకు నేనియ్యను."

"కావాల అత్తా!" అన్నాను. అరిచాను అనాలి. బస్సు కోసం నిలబడినవాళ్ళు తిరిగి చూశారు.

అంటే పోయేది మూడోది. ఆమె పుట్టింటిది. ఆ లెక్క నాకు కారు ఎక్కాక తట్టింది. "అత్తా, మీ నాయనది కదా" అన్నాను. "నాతో వచ్చింది, నాతోనే పోతాది. దాని కథ తెలిసినోళ్ళు నేను తప్ప ఎవురున్నారు? నాయన తుపాకి పోగొట్టుకొనే బాధ ఇద్దరికెందుకు, ఒకరికి చాలు" అంది. అంతే, ఆ తర్వాత కిటికీలోంచి జొన్నచేలు చూస్తూ కూర్చుంది.

అప్పగించే ముందు రోజంతా ఆమె ఆ పొడుగు తుపాకిని ఎండలో చాప మీద పెట్టుకుని తుడిచింది. కట్టెకు నూనె పట్టించింది, ఇత్తడి పట్టీలను చింతపండుతో తోమింది. నన్ను చెయ్యి వేయనివ్వలేదు. ఆ ఒక్కరోజు మాత్రం మాట్లాడుతూనే ఉంది. నాయన దాన్ని భుజాన వేసుకుని చేనికి పోతుంటే వెనకాల తుపాకి మందు నింపిన కొమ్ము మోసింది తనేనట. ఒకసారి జింక ఎదురుపడితే నాయన గురి పెట్టి, కూతురు చూస్తోందని దించేశాడట. స్టేషన్‌లో రసీదు రాస్తున్న రైటరుతో "అప్పా, దీన్ని గోడకు నిలబెట్టగాకు, పండబెట్టు. నడుము వంగిపోతాది" అని చెప్పింది. ఆయన నవ్వకుండా అలాగే పడుకోబెట్టాడు. ఆ మనిషి నిండు నూరేళ్ళూ బతకాలి.

లైసెన్సు కావాలంటే తుపాకి పట్టడం నేర్చుకున్నట్టు కాగితం కావాలన్నారు. జిల్లా పోలీసు మైదానంలో శిక్షణకు పోయాను. ఎనిమిది మందిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. నేర్పించే ఆయన దరఖాస్తు చూసి, "కోడలికి తుపాకి దేనికమ్మా? ఇంట్లో మగవాళ్ళు లేరా?" అని అడిగాడు. నేను జవాబు వెతుక్కునే లోపలే వెనక కుర్చీలోంచి అత్త గొంతు. "ఉండారప్పా ఇద్దరు. అడవిపందికి ఆడా మగా తెలీదు, చప్పుడు తెలుస్తాది!" మైదానమంతా నవ్వులు. ఆమె ఏనాడూ పందిని చంపలేదు. బుడ్డలు కాయ పట్టే నెలలో, తెల్లారుజామున గట్టు మీద నిలబడి గాల్లోకి ఒక్కటి పేల్చేది. గుంపంతా వాగు దాటేది. ఆమెకు అది చాలు.

ఆ రోజు నేను పేల్చిన మొదటి గుండు బోర్డు చివర తగిలింది. చెవులు గుయ్యిమన్నాయి, భుజం విరిగిపోయిందనుకున్నాను. నా జన్మలో అంత సంతోషం ఎప్పుడూ పడలేదు. పెళ్ళినాడు కూడా లేదు, మా ఆయన చదివితే చదవనీ. ఇంటికొచ్చాక అత్త జాకెట్టు పక్కకు జరిపి భుజం మీది నీలం మచ్చ చూసింది. "బాగుండాది. నాకూ ఆడనే పడె" అంది. తన జట్టులో నన్ను కలుపుకున్నట్టు నాకు ఆ నిమిషాన అనిపించింది.

లైసెన్సు కాగితం కోసం ఎదురు చూస్తూ ఏడాదిన్నర గడిచింది. అది రాకముందే ఆమె పోయింది. తుపాకులు రెండూ స్టేషన్‌కు చేరాయి. కర్మల పన్నెండు రోజులూ నాకు ఒకటే దిగులు. ఆమె లేదు సరే, దరఖాస్తులో ఏ వంకో చూపించి గిడ్డదాన్ని కూడా ఇవ్వకపోతే? ఆమె గురించి ఈ రాత పని పెట్టుకున్నానే గాని అప్పట్లో ఒక్క వాక్యం సాగలేదు. దసరాకు పది రోజుల ముందు నా కాగితమూ బావదీ వచ్చాయి. స్టేషన్‌లో ఆ రైటరే జోడుగొట్టాలను బావకిచ్చి, గిడ్డదాన్ని బయటికి తెచ్చి, "ఖాళీదే మేడం" అని అందించాడు. నేను అక్కడే మడిచి చూశాను. ఆయన ఏమీ అనుకోలేదు. "మీ అత్తమ్మ కూడా అంతే" అన్నాడు.

చావు జరిగిన ఇల్లు కాబట్టి ఈ ఏడు మాకు పండగ లేదు. వాకిలికి తోరణం కట్టలేదు. అయినా దసరా నాడు పల్లెలోనే ఉన్నాను. తలుపు వెనక, ఆమె చాప మీద, ఆమె పంచె గుడ్డతో గిడ్డదాన్ని తుడుస్తున్నాను. బావ బజారు నుంచి వచ్చాడు. చేతిలో టెంకాయ. ఇన్నేళ్ళ అలవాటు, తెచ్చేశాడు. పూజ లేదన్న సంగతి గడప దగ్గర గుర్తొచ్చింది కాబోలు, దాన్ని పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడ్డాడు. పెద్ద కాయ. నీళ్ళు ఎక్కువుండేదే ఏరి తెచ్చినట్టున్నాడు.

"అమ్మ ఉంటే ఈ పాటికి కేకలేస్తాండె" అని, ఏదో ఒకటి మాట్లాడాలని, "మీ గిడ్డదాన్ని ఈ ఏడన్నా పూజకు పెట్టేదానివేమో" అన్నాడు.

కోడలు బావతో అనే మాట కాదది. ఆలోచించే లోపే నా నోట్లోంచి వచ్చేసింది.

"దానికి ముట్టయింది బావా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత భుజాలు కదలడం మొదలుపెట్టాయి. గడప మీద కూలబడి, టెంకాయను ఒళ్ళో పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ఆమె పోయాక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. మా ఆయన మిద్దె మీంచి పరిగెత్తుకుని దిగొచ్చాడు, ఎవరు ఏడుస్తున్నారోనని.

టెంకాయ కొట్టి ముగ్గురం ఆ నీళ్ళు తలా ఒక గుక్క తాగేశాం. బావ లోపలికి వెళ్ళి జోడుగొట్టాలను తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. "ఆ గుడ్డ ఇట్లియ్యమ్మా" అని జింకను తుడవడం మొదలుపెట్టాడు. కొంతసేపయ్యాక, "గొట్టంలో ఏమో కనపడ్తాదంట గదా, మిస్త్రీ వాహ్ అనె. నేనెప్పుడూ సూళ్ళేదు" అన్నాడు.

గిడ్డదాన్ని మడిచి ఆయన చేతికిచ్చాను. ఆయన ముందు లోపల వేలు పెట్టి తూటా లేదని చూసుకున్నాడు. ఆమె కొడుకే కదా. తర్వాత వాకిట్లోకి నడిచి, గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి, ఒక కన్ను మూసుకున్నాడు.

"ఏం కనపడ్తాంది బావా?"

ఆయన తల మరికొంచెం వెనక్కి వాల్చాడు. గొట్టంలోంచి దిగిన వెలుతురు ఆయన తెరిచిన కంటి మీద రూపాయి బిళ్ళంత గుండ్రంగా పడింది. అది చెమ్మగా వణుకుతోంది. ఆయన చెయ్యి మాత్రం దించలేదు.